చట్టానికీ అదను వున్నది



ఈ వేళ నేను విత్తనశుద్ధి గురించి గాని, ఎరువుల మోతాదు గురించి గాని చెప్పబోవడం లేదు. ఇల్లు, పొలం, పిల్లలు గల ప్రతి రైతుకూ ఏదో ఒకనాడు ఎదురయ్యే చట్ట విషయాలు కొన్ని చెప్పదలచాను. నేను వకీలును కాను, వ్యవసాయ విస్తరణాధికారిని. డిప్లొమా చదివిన రోజుల్లో మాకు నేలలు, నీటి పారుదల, చీడపీడలు నేర్పారు గాని దస్తావేజులు నేర్పలేదు. అయితే రైతు వేదికకు వచ్చేవారు తెగులు పట్టిన ఆకుతో పాటు మడతలు నలిగిన కాగితం కూడా చేత పట్టుకొని వస్తారు. “సారూ, ఇది చెల్లుతుందా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ తెలుసుకున్న సంగతులే ఇవి.

అదను అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. మంచి విత్తనమే, మంచి నేలే. పదును ఆరిన తర్వాత చల్లితే మొలక రాదు. చట్టం కూడా అటువంటిదే. హక్కు నీదే కావచ్చు, న్యాయం నీ వైపే వుండవచ్చు. అయినా చట్టం రెండు ప్రశ్నలు అడుగుతుంది. కాగితం ఏది? ఎప్పుడు వచ్చావు? ఈ రెండింటికీ జవాబు లేక ఎన్నో కుటుంబాలు చేతిలోని భూమిని, రావలసిన సొమ్మును పోగొట్టుకుంటున్నవి.

మొదట అప్పు సంగతి చూద్దాం. తొలకరి పడగానే పెట్టుబడి కావాలి. అప్పిచ్చే ఆసామి ప్రోనోటు రాయించుకుంటాడు. అందులో తప్పు లేదు. “మొత్తం తర్వాత రాసుకుందాంలే, ముందు సంతకం పెట్టు” అన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. నోట్లకూ చెక్కులకూ సంబంధించిన చట్టం 1881 నాటిది. స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇచ్చినవాడు ఆ ఖాళీ నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్లే ఆ చట్టం ఎంచుతుంది. పది వేలు తీసుకున్నవాడి నోటులో లక్ష పడిందనుకోండి. తీసుకున్నది పది వేలేనని రుజువు చేసుకునే బరువు అతని నెత్తినే పడుతుంది. కాబట్టి అంకెల్లోనూ, అక్షరాల్లోనూ మొత్తం రాసి, వడ్డీ రాసి, తేదీ వేసిన తర్వాతనే సంతకం. చదువు రాకపోతే మీవైపు మనిషి చేత చదివించుకోండి. ఈ రోజుల్లో ప్రతి ఇంట సెల్‌ఫోను వున్నది గనుక, సంతకమైన నోటును అక్కడికక్కడే ఫోటో తీసి వుంచుకోండి.

బాకీలో కొంత చెల్లించినప్పుడు నోటు వెనుక చెల్లు రాయించండి. తేదీ వుండాలి, మొత్తం వుండాలి. బాకీ పూర్తిగా తీరిననాడు నోటు వెనక్కు తీసుకోకుండా ఆ గడప దాటవద్దు. ఇక మీరే ఎవరికైనా చేబదులు ఇచ్చి నోటు రాయించుకున్నారనుకోండి. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటు మీద దావా వేయడానికి నోటు తేదీ నుంచి మూడేండ్లే గడువు. ఆ మూడేండ్ల లోపల బాకీదారు కొంత చెల్లించి, చెల్లు మీద సంతకం చేస్తే, ఆ చెల్లింపు తేదీ నుంచి మళ్ళీ మూడేండ్లు లెక్క. “మనవాడే గదా, ఎక్కడికి పోతాడు” అని నాలుగో ఏడు దాకా ఆగితే నోటు చిత్తు కాగితం కిందే లెక్క.

పత్తో, మిర్చో కొన్న వ్యాపారి చెక్కు ఇచ్చాడు, బ్యాంకులో వేస్తే డబ్బు లేదని తిరిగి వచ్చింది. అప్పుడేం చెయ్యాలి? చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల లోపలే దానిని బ్యాంకులో వేయాలి. తిరిగి వచ్చినట్లు తెలిసిన 30 రోజుల లోపల వ్యాపారికి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందిన 15 రోజుల్లో అతడు చెల్లించకపోతే, ఆ తర్వాత నెల రోజుల లోపల కోర్టులో ఫిర్యాదు వేయాలి. “వచ్చే వారం ఇస్తా, పండుగకు ఇస్తా” అనే మాటలతోనే ఈ రోజులు గడిచిపోతాయి. కొందరు వ్యాపారులు వాయిదాలు చెప్పేది అందుకోసమే. నోటీసు ఇవ్వడం తగవు పెట్టుకోవడం కాదు. నోటీసు ఇచ్చిన తర్వాత కూడా సామరస్యంగా మాట్లాడుకోవచ్చు.

ఫోను మోసాల గురించి కూడా ఒక్క మాట. పి.ఎం. కిసాన్ డబ్బు వచ్చింది, ఈ ఫైలు నొక్కండి అని సందేశం వస్తుంది. నొక్కితే ఖాతా ఖాళీ అవుతుంది. ఫోనులో ఎవరు అడిగినా మీ ఓ.టి.పి. చెప్పకండి. ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకండి, తెల్లవారనీ అని ఆగకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. సొమ్ము ఇంకా ఏదో ఒక ఖాతాలో వున్నప్పుడే దానిని ఆపడానికి వీలవుతుంది. మోసాన్ని మనం ఇప్పటికీ “నాలుగు వందల ఇరవై” అనే అంటున్నాం. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. భారతీయ న్యాయ సంహితలో మోసం ఇప్పుడు 318వ సెక్షను. పోలీసులు నమోదు చేసిన ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. ఠాణాలో ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలాలో పంపవచ్చు.

ఇక రెండవది భూమి కొనుగోలు. మన పల్లెల్లో పూర్వం తెల్ల కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకొని, ఇద్దరు పెద్దమనుషులు సంతకాలు చేస్తే భూమి చేతులు మారిందనుకునేవారు. తెలంగాణలో దానినే సాదా బైనామా అంటారు. అలా కొన్నవారు ఇరవై ముప్పై ఏండ్లుగా దున్నుకుంటున్నారు. నేల వారి చేతిలో వున్నది గాని పాసుపుస్తకం అమ్మినవాని పేరనే వున్నది. పంట పెట్టుబడి సాయం అతని ఖాతాకే పోయింది. బ్యాంకు అప్పు వీరికి పుట్టలేదు. అమ్మినాయన చనిపోయి, కొడుకులు వచ్చి “ఈ భూమి మాది” అన్నవి కూడా వున్నవి. ఇటువంటి కాగితాలను క్రమబద్ధం చేస్తామని ప్రభుత్వం 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో లక్షల దరఖాస్తులు తీసుకున్నది. అవి ఏండ్ల తరబడి ఆగిపోయాయి. 2025 నాటి భూభారతి చట్టం వాటికి మళ్ళీ దారి చూపింది. అంటే ఆనాడు తప్పించుకున్న రిజిస్ట్రేషను ఖర్చుకు ఒక తరం మొత్తం వడ్డీ కట్టినట్లయింది.

1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం, వంద రూపాయలు, అంతకు పైబడిన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలి. రాసుకున్న దస్తావేజును నాలుగు నెలల లోపల దాఖలు చేయాలి. బయానా ఇచ్చి రాసుకునే అగ్రిమెంటు భూమి మీద హక్కు ఇవ్వదు. అది అమ్ముతానన్న మాటకు ఆధారం మాత్రమే. అందులో రాసుకున్న తేదీ దాటిన తర్వాత కూడా అతడు రిజిస్టరు చేయకపోతే, ఆ తేదీ నుంచి మూడేండ్లలోపు దావా వేయాలి. జి.పి.ఏ. కాగితం చేతిలో పెట్టి భూమి అమ్మినట్లే అంటారు కొందరు. అటువంటి కాగితం వల్ల యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది.

బయానా ఇచ్చేముందు చూడవలసినవి మూడు. ఒకటి, ఈ.సి. తీయించండి; ఆ భూమి పూర్వం ఎవరికైనా అమ్మారా, తాకట్టు వున్నదా అనేది అందులో తెలుస్తుంది. ముప్పై ఏండ్లకు తగ్గకుండా తీయించడం మేలు. రెండు, పహాణీ గాని అడంగల్ గాని చూసి, పట్టా ఎవరిది, సాగు ఎవరిది అని పోల్చుకోండి. మూడు, పొలం గట్టు మీదికి వెళ్ళి నిలబడి, పక్క రైతును అడగండి. ఏ కంప్యూటరులోనూ లేని సంగతి అతనికి తెలిసి వుంటుంది.

మూడవది విత్తనం. ఇది మా శాఖ పని గనుక కాస్త గట్టిగా చెబుతాను. విత్తనం కొన్నప్పుడు బిల్లు తీసుకోండి. బిల్లులో రకం, లాటు నంబరు, తేదీ, ధర వుండాలి. ఖాళీ సంచిని, దాని మీది చీటీని, గుప్పెడు విత్తనాన్ని పంట చేతికి వచ్చేదాకా దాచండి. మొలక రాకపోయినా, పూత కాత లేకపోయినా, పైరు చేలో వుండగానే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. దరఖాస్తు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. కోపంతో పైరు దున్నివేసిన తర్వాత శాస్త్రవేత్త వచ్చి చూడటానికి ఏమీ మిగలదు.

రైతు వినియోగదారుడేనా అనే ప్రశ్న ఒకప్పుడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మన ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసుల్లో 2012 జనవరిలో తీర్పు వచ్చింది. రైతు వినియోగదారుడేనని, విత్తన చట్టం వున్నా వినియోగదారుల ఫోరానికి వెళ్ళే హక్కు అతనికి వున్నదని ఆ తీర్పు. కొన్న విత్తనమంతా చల్లుకున్న రైతును పరీక్షకు నమూనా తెమ్మనడం సబబు కాదని కూడా కోర్టు గుర్తించింది. ఇప్పుడు 2019 చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషనులో, నష్టం జరిగిన రెండేండ్ల లోపల ఫిర్యాదు వేసుకోవచ్చు. కొన్న సరుకు ధర అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు.

నాల్గవది ప్రమాదం. రోడ్డు మీద బండి గుద్దింది. మనిషికి కాలు విరిగింది, లేదా ప్రాణమే పోయింది. ఊరి పెద్దలు చేరి “పదివేలు ఇప్పిస్తాం, కేసు వద్దు” అంటారు. ఆ దుఃఖంలో ఇంటివారు సరేనంటారు. కేసు లేకపోతే బీమా కంపెనీని అడగడానికి ఆధారమే దొరకదు. కాబట్టి మొదట పోలీసులకు ఫిర్యాదు, ఆసుపత్రిలో గాయాల ధృవపత్రం, మరణమైతే శవపరీక్ష నివేదిక. ఈ మూడూ ముఖ్యం. శవపరీక్ష అంటే మనవారు జంకుతారు. కాని పాము కాటైనా, కరెంటు షాకైనా, ఆ కాగితం లేనిదే భార్యాబిడ్డలకు రావలసిన పరిహారం చిక్కుల్లో పడుతుంది.

మోటారు ప్రమాద పరిహారం కోసం ట్రిబ్యునలులో అర్జీ వేయాలి. ప్రమాదం దూరాన జరిగినా, మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునలులోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు అమలులోకి వచ్చింది. దాని మీద కోర్టుల్లో వాదాలు నడిచాయి. వాటిని నమ్ముకొని ఆగకుండా ఆరు నెలల లోపలే వేయండి. గుద్దిన బండి ఏదో తెలియకుండా పోయినా దారి వున్నది. అటువంటి ప్రమాదాల్లో మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేల రూపాయలు ఇచ్చే కేంద్ర పథకం అదే తేదీ నుంచి వచ్చింది.

ట్రాక్టరు యజమానులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ట్రాలీలో కూలీలను ఎక్కించుకొని వెళ్తాం. ట్రాలీ బోల్తా పడితే, సరుకు బండిలో మనుషులను ఎక్కించారని బీమా కంపెనీ తప్పుకోజూస్తుంది. అప్పుడు ఆ పరిహారం యజమాని పొలం అమ్మి కట్టుకోవలసి రావచ్చు. నాటుకు వచ్చే ఆడకూలీల ప్రాణం కంటె, మీ ఎకరం నేల కంటె, ఒక ఆటో కిరాయి ఎక్కువ కాదు. బీమా గడువు తీరకుండా చూసుకోండి.

తెగి పడిన కరెంటు తీగ వల్ల మనిషి చనిపోతే, విద్యుత్తు సంస్థ “మా పొరపాటు లేదు” అని తప్పించుకోలేదు. అంత ప్రమాదకరమైన సరఫరా నడిపేవారిదే బాధ్యత అని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీగ వేలాడుతున్నప్పుడే లైన్‌మన్‌కు చెప్పడంతో సరిపెట్టక, కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి నకలు వుంచుకోండి.

చివరిది ఆస్తి పంపకం. ఈ మాట ఎత్తితే పెద్దవారికి కోపం వస్తుంది. “నన్ను అప్పుడే పంపించేస్తున్నారా?” అంటారు. అయ్యా, వీలునామా రాసినంత మాత్రాన ఆయుస్సు తరగదు. ఆస్తి కూడా చేయి దాటదు. వీలునామా మీ తర్వాతే అమలవుతుంది. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. తెల్ల కాగితం మీద రాయవచ్చు, స్టాంపు అక్కరలేదు. మీరు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి, వారు మీ ఎదుట సంతకం చేయాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని చేయిస్తే తర్వాత తగాదాలు తగ్గుతవి. మంచం పట్టినవారైతే రిజిస్ట్రారును ఇంటికి రమ్మని కోరవచ్చు. సాక్షులుగా మీకంటె చిన్నవారిని, ఊళ్ళో వుండేవారిని పెట్టుకోండి. ఎందుకంటే రేపు తగవు వస్తే వారిలో ఒకరైనా కోర్టులో చెప్పవలసి వుంటుంది. ఆస్తి పొందేవారిని సాక్షిగా పెట్టకపోవడమే మంచిది. మీది కాని దానిని మీరు రాయలేరు. ఉమ్మడి ఆస్తిలో మీ వాటా మాత్రమే రాయగలరు. ముస్లిం సోదరులు మిగతా వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయడానికి లేదు.

వీలునామా లేకపోతే ఏమవుతుంది? హిందూ కుటుంబంలో ఒక రైతు ఆరెకరాల స్వార్జితం వదిలి పోయాడనుకోండి. తల్లి వున్నది, భార్య వున్నది, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. 1956 నాటి చట్టం ప్రకారం ఆరుగురికీ తలా ఒక ఎకరం. ముసలి తల్లికి కూడా వాటా వున్నదని చాలామందికి తెలియదు. పిత్రార్జితంలో ఆడపిల్లకు మన రాష్ట్రం 1986లోనే చట్టం తెచ్చింది. అది పెండ్లి కాని వారికే వర్తించింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెండ్లి అయినా కాకపోయినా, కూతురుకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి వుండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన పంపకాలు అలాగే నిలుస్తవి.

అమ్మా, అక్కయ్యలారా! పుట్టింటివారు సంతకానికి పిలిస్తే పసుపు కుంకుమలు తీసుకొని పెట్టి రావద్దు. అన్నదమ్ములకు వదిలివేయడం మీ ఇష్టం. కాని ఏం వదులుతున్నారో చదివించుకొని, మనసారా ఒప్పుకున్న తర్వాతనే సంతకం చేయండి.

వృద్ధులకు మరొక హెచ్చరిక. బతికి వుండగానే పొలమంతా కొడుకు పేర గిఫ్టు రాసి, ఆ తర్వాత ముద్దకు ఎదురుచూసే తల్లిదండ్రులు వున్నారు. గిఫ్టు దస్తావేజు ఆనాడే అమలవుతుంది, వీలునామా వలె మార్చుకోవడానికి వీలు లేదు. రాసేటట్లయితే “మమ్ములను పోషించే షరతు మీద” అని దస్తావేజులోనే రాయించండి. అప్పుడు కొడుకు చూడకపోతే, 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద ఆర్.డి.ఓ. స్థాయి ట్రిబ్యునలు ఆ దస్తావేజును రద్దు చేయగలదు. నోటి మాట నీటి మూట. కన్నకొడుకైనా సరే, ఆ ఒక్క వాక్యం రాయించండి.

ఇదంతా వింటే, “వకీలుకు ఇచ్చే డబ్బు ఎక్కడిది?” అంటారు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వికలాంగులకు, వరద కరువు బాధితులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతున్నది. మిగతావారికి ఆదాయ పరిమితిని బట్టి ఇస్తారు. మీ దగ్గరి కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీకి వెళ్ళండి, లేదా 15100 నంబరుకు ఫోను చేయండి. రాజీకి వీలైన తగాదాలను లోక్ అదాలతుకు తీసుకువెళ్ళండి. అక్కడి తీర్పు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కోర్టులో కట్టిన ఫీజు కూడా తిరిగి వస్తుంది. అందుకే పూర్తిగా అర్థమైన తర్వాతనే రాజీకి ఒప్పుకోండి.

తోటి విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మనం న్యాయసలహా ఇచ్చేవాళ్ళం కాము. కాని ఫిర్యాదు తీసుకున్నప్పుడు నకలు మీద తేదీ వేసి ఇవ్వగలం. గడువు ఎంతో చెప్పగలం, ఎక్కడికి వెళ్ళాలో దారి చూపగలం. ఆ చిన్న ముద్ర ఒక్కొక్కసారి రైతు కేసు నిలబెడుతుంది.

సోదరులారా! ఈ రాత్రి ఇంట్లో ఒక పని చేయండి. ట్రంకుపెట్టె దించి, పాసుపుస్తకం, దస్తావేజులు, నోట్లు, బీమా కాగితాలు, విత్తనాల బిల్లులు బయటకు తీయండి. దేని గడువు ఎప్పుడు తీరుతుందో ఒక నోటుబుక్కులో రాయండి. అవి ఎక్కడ వున్నాయో ఇల్లాలికి చూపండి. ఇంటాయన లేనినాడు ఏ కాగితం ఎక్కడున్నదో తెలియక ఆఫీసుల చుట్టూ తిరిగే అవస్థ ఆమెకు రానివ్వకండి. చెమటోడ్చి సంపాదించిన నేల మీ పిల్లల చేతిలో నిలవాలంటే, నాగలి పట్టిన చెయ్యే అదనులో కాగితం కూడా పట్టాలి.